సిస్టమ్ మార్పు, లైసెన్స్ కీ, సపోర్ట్ లొల్లి: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లోని దుకాణాలు, జిన్నింగ్ మిల్లులు, ల్యాబ్‌లు, సీఏ ఆఫీసులు, డీటీపీ సెంటర్లకు సిస్టమ్‌లు చూసే పని మాది. అటు జమ్మికుంట, హుజూరాబాద్, ఇటు నర్సంపేట, మహబూబాబాద్ దాకా తిరుగుతుంటాం. కొత్త కంప్యూటర్ కొనడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. పాతదాంట్లో ఏళ్ల తరబడి నడిచిన సాఫ్ట్‌వేర్ కొత్తదాంట్లో "లైసెన్స్ లేదు" అన్నప్పుడే అసలు పరేషాన్ మొదలవుతుంది. మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్నలు, మేం ఫోన్‌లో చెప్పే జవాబులు ఇక్కడ రాసిపెట్టాం.

పాత సిస్టమ్ మంచిగానే నడుస్తోంది. ఇప్పుడే ఎందుకు మార్చాలి?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ మర్నాడు ఏ కంప్యూటరూ ఆగిపోలేదు, ఇక ముందూ ఆగదు. సెక్యూరిటీ అప్‌డేట్‌లు రావు, అంతే. బ్యాంకు, జీఎస్టీ పోర్టల్, మెయిల్ తెరిచే సిస్టమ్‌కు అది చిన్న విషయం కాదు. నెట్ కనెక్షనే లేకుండా ఓ మూలన కూర్చుని కాంటా (తూకం) చీటీలు మాత్రం కొట్టే సిస్టమ్‌నైతే తొందరపడి మార్చమని మేం చెప్పం.

కొంత గడువు కావాలనుకుంటే డబ్బు కట్టి అప్‌డేట్‌లు పొడిగించుకోవచ్చు. ఇళ్లలో వాడే సిస్టమ్‌లకు ఈ పొడిగింపు 2026 అక్టోబర్ 13 వరకు ఉంది. 30 డాలర్లు కట్టొచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సెట్టింగ్‌లు బ్యాకప్ పెట్టుకుంటే ఉచితం. ఆఫీసులకు లెక్క వేరు. ఒక్కో సిస్టమ్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, ఆ తర్వాత ఏటేటా రెట్టింపు, మూడేళ్ల దాకా. మూడేళ్లకు కలిపితే 427 డాలర్లు. ఆ డబ్బుకు కొత్త సిస్టమే వస్తుంది.

విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ లేదా ఆ పైది ఉండాలి. ఈ చెకింగ్‌ను దాటవేసి ఎక్కించే పద్ధతులు యూట్యూబ్ నిండా ఉన్నాయి. ఇంట్లో పిల్లల సిస్టమ్‌కు మీ ఇష్టం. దుకాణాలకు మాత్రం మేం అలా చేయం, రేపు పెద్ద అప్‌డేట్ ఎక్కకపోతే అడగడానికి ఎవరూ ఉండరు. అన్నట్టు, ఆ అక్టోబర్ తేదీ సరిగ్గా పత్తి సీజన్ మొదలయ్యే రోజుల్లో పడింది. ఎనుమాముల మార్కెట్ యార్డ్‌కు పత్తి బండ్లు బారులు తీరే వేళ కంప్యూటర్ మారుస్తామంటే ఏ సేటు ఒప్పుకుంటాడు? అందుకే ఈ ప్రశ్నలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

పాత సిస్టమ్‌లోని విండోస్ కీ కొత్తదానికి పనికొస్తుందా?

మీది ఏ రకం కీ అన్నదాన్ని బట్టి ఉంటుంది. కంప్యూటర్‌తో పాటే వచ్చిన విండోస్ అయితే అది ఓఈఎం. ఆ లైసెన్స్ ఆ మదర్‌బోర్డ్‌తోనే పుట్టింది, దానితోనే పోతుంది. విండోస్ 7 కాలంలో సీపీయూ పక్కన 25 అక్షరాల స్టిక్కర్ ఉండేది. విండోస్ 8 నుంచి కంపెనీ సిస్టమ్‌లలో కీని బయోస్‌లోనే (బోర్డు మీది చిప్‌లో) రాసి పంపుతున్నారు, అందుకే మీకు స్టిక్కర్ మీద కీ కనిపించదు. విడిగా డబ్బు పెట్టి కొన్న రిటైల్ కీ అయితే పాతదాంట్లో తీసేసి కొత్తదాంట్లో వేసుకోవచ్చు. ఒకసారికి ఒక సిస్టమ్‌లోనే.

మదర్‌బోర్డ్ కాలిపోయి మార్చాల్సి వస్తే? వారంటీ కింద కంపెనీయే మారిస్తే ఇబ్బంది లేదు. బజార్లో వేరే బోర్డు వేయిస్తే ఓఈఎం లైసెన్స్ పోయినట్టే. రిటైల్ అయితే, బోర్డు మార్చక ముందే విండోస్‌ను మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు కలిపి ఉంచండి. మార్చాక యాక్టివేషన్ పేజీలోని ట్రబుల్‌షూటర్‌లో "హార్డ్‌వేర్ మార్చాను" అన్నది ఎంచుకుంటే చాలాసార్లు అక్కడికక్కడే తేలిపోతుంది. ఎర్రర్ నంబర్ చివర ఎఫ్211 అని ఉంటే హార్డ్‌వేర్ మారిందని ఫిర్యాదు చేస్తోంది. సీ008 అని ఉంటే ఆ కీ ఇప్పటికే వేరే చోట వాడుకలో ఉందని.

ఇంకా కొందరు విండోస్ 7 కీతో 10, 11 యాక్టివేట్ అవుతుందని చెప్తున్నారు. ఒకప్పుడు అయ్యేది. 2023 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ ఆ దారి మూసేసింది.

ఆన్‌లైన్‌లో 500 రూపాయలకు ఒరిజినల్ కీ ఇస్తున్నారు. కొనొచ్చా?

యాక్టివేట్ కావడం వేరు, లైసెన్స్ ఉండడం వేరు. ఆ ధరకు అమ్మే కీలలో చాలావరకు ఏదో పెద్ద సంస్థ పేరు మీద తీసుకున్న వాల్యూమ్ కీలు, లేదంటే తుక్కు కింద పోయిన సిస్టమ్‌ల నుంచి ఏరినవి. వాల్యూమ్ పద్ధతిలో ఒక రకం యాక్టివేషన్ 180 రోజులే ఉంటుంది. సంస్థ సర్వర్ దాన్ని ఎప్పటికప్పుడు పొడిగిస్తూ ఉండాలి. మీ దుకాణానికి ఆ సర్వర్ ఎక్కడిది? ఆర్నెల్ల తర్వాత తెర మీద "యాక్టివేట్ చేయండి" అన్న వాటర్‌మార్క్ పడేసరికి అమ్మినవాడి నంబర్ స్విచాఫ్.

క్రాక్ (లైసెన్స్ తాళం విరగ్గొట్టిన కాపీ) సంగతి చెప్పనే అక్కర్లేదు, అయినా అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాం. కాపీరైట్ చట్టం 1957లో 63బీ సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం వాడలేదని తేలితే కోర్టు జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో వదిలేయొచ్చు. దుకాణం బిల్లింగ్‌కు వాడి "లాభం కోసం కాదు" అనడం కష్టం.

కొనేటప్పుడు అడగాల్సినవి చిన్నవే: మీ పేరు, మీ జీఎస్టీ నంబర్ ఉన్న బిల్లు ఇస్తారా, కీ ఓఈఎంనా రిటైలా, బిల్లు మీద అది రాస్తారా. సాఫ్ట్‌వేర్ మీద 18 శాతం జీఎస్టీ ఎలాగూ కడతారు, బిల్లు సరిగ్గా ఉంటే మామూలుగా ఇన్‌పుట్ క్రెడిట్ కింద వెనక్కి వస్తుంది. చవక కీకి ఆ బిల్లే ఉండదు.

టాలీ (అకౌంట్స్ సాఫ్ట్‌వేర్) ఉన్న సిస్టమ్‌ను ఫార్మాట్ కొట్టే ముందు ఏం చేయాలి?

డేటా బ్యాకప్ అందరికీ గుర్తుంటుంది. లైసెన్స్ సరెండర్ ఎవరికీ గుర్తుండదు. టాలీ లైసెన్స్ ఒక సిస్టమ్‌లో యాక్టివేట్ అయి ఉంటే, అక్కడ సరెండర్ చేసి కొత్తదాంట్లో మళ్లీ యాక్టివేట్ చేయాలి. నెట్ ఉంటే కొద్ది నిమిషాల పని. ముందు ఫార్మాట్ కొట్టి తర్వాత గుర్తొస్తే, లేదా హార్డ్ డిస్కే చచ్చిపోతే, కస్టమర్ పోర్టల్‌లోకి వెళ్లి లైసెన్స్ రీసెట్ చేయాలి. దానికి లైసెన్స్ తీసుకున్న మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ కావాలి. ఇక్కడే అందరి బండీ ఆగుతుంది, దాని గురించి కింద విడిగా రాశాం.

ఇంకో తికమక టీఎస్ఎస్ (అప్‌డేట్‌లకు కట్టే చందా) రెన్యువల్. టాలీ లైసెన్స్ జీవితాంతం మీదే, కాలం తీరేది టీఎస్ఎస్. అది అయిపోయినా పాత రిలీజ్ నడుస్తూనే ఉంటుంది. కానీ కొత్త సిస్టమ్ రాగానే కుర్రాడు వెబ్‌సైట్ నుంచి తాజా రిలీజ్ దించి ఎక్కిస్తాడు. మీ టీఎస్ఎస్ ముగిశాక వచ్చిన రిలీజ్‌కు మీ లైసెన్స్ చెల్లదు, ఎడ్యుకేషన్ మోడ్‌లోకి పోతుంది. ఆ మోడ్‌లో నెలకు ఏవో కొన్ని తేదీలకే వోచర్లు కొట్టనిస్తుంది. "లైసెన్స్ పోయింది" అని మాకు వచ్చే ఫోన్లలో చాలా వాటికి కారణం ఇదే. పాత రిలీజ్ ఎక్కిస్తే సరిపోతుంది, లేదంటే టీఎస్ఎస్ కట్టాలి.

డేటా విషయంలో ఒక్కటి గట్టిగా చెప్తాం. టాలీ పాత వెర్షన్ ఈఆర్‌పీ 9 నుంచో, టాలీప్రైమ్ పాత రిలీజ్ నుంచో టాలీప్రైమ్ 3.0కు లేదా ఆ తర్వాతి రిలీజ్‌కు వస్తే కంపెనీ డేటాను మైగ్రేట్ చేయమంటుంది. ఒకసారి మారిన డేటాను పాత రిలీజ్‌లో మళ్లీ తెరవలేం. అందుకని మైగ్రేట్ చేసేది కాపీ మీదే, అసలు ఫోల్డర్‌ను ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్‌లో వేరే పెట్టండి. మీ సీఏ గారి ఆఫీసులో ఏ రిలీజ్ వాడుతున్నారో కూడా ముందే కనుక్కోండి, లేకపోతే మీరు పంపిన బ్యాకప్ అక్కడ తెరుచుకోదు.

లైసెన్స్ మెయిల్ మానేసిన అకౌంటెంట్ దగ్గర ఉంది. లేదా డీలర్ మెయిల్ మీద ఉంది. ఇప్పుడెలా?

ఈ పేజీ మొత్తంలో ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. సాఫ్ట్‌వేర్ కొన్న రోజు ఎవరో ఒకరు కూర్చుని యాక్టివేట్ చేస్తారు. "మెయిల్ చెప్పండి" అంటే సేటుకు మెయిల్ లేదు, అకౌంటెంట్ తనది ఇస్తాడు. లేదా డీలర్ కుర్రాడు "నాది పెడతాలే సార్" అంటాడు. డబ్బు మీది, బిల్లు మీది, కానీ కంపెనీ రికార్డులో యజమాని ఆ మెయిల్ ఎవరిదైతే వాళ్లే. ఎన్నేళ్లు గడిచినా ఎవరికీ పట్టదు, సిస్టమ్ మార్చే రోజున ఓటీపీ ఆ మెయిల్‌కు పోతుంది.

ఎనుమాముల దగ్గర ఒక మిల్లులో ఇదే జరిగింది. కాంటా, బిల్లింగ్ కలిసి ఉన్న సాఫ్ట్‌వేర్. కీ డీలర్ మెయిల్‌కు వచ్చింది, ఆ డీలర్ దుకాణం మూసేసి హైదరాబాద్ వెళ్లిపోయాడు. సపోర్ట్‌కు ఫోన్ చేస్తే రిజిస్టర్ అయిన మెయిల్ నుంచి రాస్తేనే చూస్తామన్నారు. ఆ మెయిల్ మా దగ్గర లేదనే కదా ఫోన్ చేసింది! బయట ట్రాక్టర్లు, లోపల చేత్తో రాసే చీటీలు. చివరికి పని చేసింది బిల్లు. మిల్లు పేరు మీద ఉన్న ఆ జీఎస్టీ బిల్లులో సాఫ్ట్‌వేర్ సీరియల్ నంబర్ కూడా అచ్చయి ఉంది. దాన్ని, జీఎస్టీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను, డబ్బు పోయినట్టు బ్యాంక్ స్టేట్‌మెంట్‌ను, లెటర్‌హెడ్ మీద యజమాని సంతకంతో ఒక లేఖను జతచేసి పంపితే అప్పుడు మెయిల్ మార్చారు.

మీరూ అదే దారిన పోవాలి. అంతకంటే ముందు పాత అకౌంటెంట్‌కు మర్యాదగా ఒక ఫోన్ చేయండి. "అన్నా, ఒక్క ఓటీపీ చెప్పు" అంటే చెప్పేవాళ్లే ఎక్కువ. జీతం బాకీ పెట్టి పంపించి ఉంటే మాత్రం ఆ ఫోన్ మేం చేయలేం.

ఇక నుంచి దుకాణం పేరు మీద ఒక మెయిల్ తెరవండి, రికవరీకి యజమాని ఫోన్ నంబర్ ఇవ్వండి. ప్రతి లైసెన్స్‌ను దాని మీదే పెట్టించండి. సీరియల్ నంబర్లు, కొన్న తేదీ, ఏ సిస్టమ్‌లో ఉంది అన్నది ఒక నోట్‌బుక్‌లో రాయండి. అదే కంప్యూటర్‌లో ఎక్సెల్ ఫైల్‌గా పెట్టుకునేవాళ్లున్నారు. ఆ కంప్యూటర్ పోయిన రోజునే కదా ఆ ఫైల్ కావాల్సి వచ్చేది!

స్లో అయిందని హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ వేయిస్తున్నా. లైసెన్స్‌లు పోతాయా?

విండోస్ పోదు, బోర్డు అదే కాబట్టి. మిగతా సాఫ్ట్‌వేర్లు ఏం చూసి సిస్టమ్‌ను గుర్తుపడతాయన్నది వాటి ఇష్టం. కొన్ని హార్డ్ డిస్క్ సీరియల్, కొన్ని నెట్‌వర్క్ కార్డ్ అడ్రస్, కొన్ని రెండూ కలిపి ఒక మిషన్ ఐడీ చేసుకుంటాయి. డిస్క్‌ను అచ్చు అలాగే క్లోన్ చేసినా సీరియల్ మారుతుంది కాబట్టి ఐడీ మారుతుంది. యూఎస్‌బీ వైఫై ముక్క తీసేస్తే లైసెన్స్ పోయిన కేసులు కూడా చూశాం, అది పెట్టి ఉన్నప్పుడు యాక్టివేట్ చేయడం వల్ల. క్లోన్ అయ్యాక పాత డిస్క్‌ను చెరిపేయకుండా పక్కన పెట్టండి. ఏదైనా మొరాయిస్తే అది బిగించి, సరెండర్ చేసి రావచ్చు.

కాంటా సాఫ్ట్‌వేర్ డాంగిల్‌తో (లైసెన్స్ ఉండే యూఎస్‌బీ ముక్కతో) నడుస్తుంది. విండోస్ 11లో పట్టడం లేదు.

ముందు డాంగిల్‌కు బదులు డ్రైవర్‌ను అనుమానించండి. విండోస్ 10 దాకా 32 బిట్ ఉండేది, విండోస్ 11 పూర్తిగా 64 బిట్. 32 బిట్ డ్రైవర్ ఇందులో ఎక్కదు. డాంగిల్ తయారుచేసిన కంపెనీ సైట్‌లో కొత్త డ్రైవర్ చాలాసార్లు దొరుకుతుంది, సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లనే అడగాలని లేదు. డ్రైవర్ 64 బిట్‌దే అయినా బాగా పాతదైతే విండోస్ సెక్యూరిటీలోని మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ దాన్ని ఆపేయొచ్చు. దాన్ని ఆఫ్ చేయమని సపోర్ట్ వాళ్లు తేలిగ్గా చెప్తారు. నెట్ లేని కాంటా సిస్టమ్‌లో సరే, బ్యాంకు పనులు చేసే సిస్టమ్‌లో వద్దు.

ఇక సాఫ్ట్‌వేరే 16 బిట్ కాలం నాటిది అయితే 64 బిట్ విండోస్‌లో అసలు నడవదు. డాస్ తెర మీద నీలం రంగులో కనిపించే కాంటా ప్రోగ్రామ్‌లు ఇంకా ఉన్నాయి. వాటికి పాత సిస్టమ్‌ను కాపాడుకోవడమో, కొత్త ప్రోగ్రామ్ కొనడమో మేలు.

డాంగిల్ దొరికింది, లైసెన్స్ వచ్చింది, కానీ బరువు రావడం లేదా? అది లైసెన్స్ సమస్య కాదు. కాంటా ఇండికేటర్ సీరియల్ కేబుల్‌తో వస్తుంది, కొత్త సిస్టమ్‌లకు ఆ పోర్టే లేదు. యూఎస్‌బీ కన్వర్టర్ వాడతాం. ప్రొలిఫిక్ పాత చిప్ ఉన్నదైతే విండోస్ 11 డ్రైవర్ దాన్ని ఒప్పుకోదు, ఆ చిప్ 2012లోనే ఆపేశాం అని డివైజ్ మేనేజర్‌లో రాసి చూపిస్తుంది. వేరే చిప్‌తో వచ్చే కన్వర్టర్ కొని, పోర్ట్ నంబర్‌ను పాతదానిలాగే పెట్టండి. ఈ చిన్న ముక్క కోసం సాఫ్ట్‌వేర్ వాళ్లతో, కాంటా వాళ్లతో రోజంతా గొడవపడినవాళ్లున్నారు.

డాంగిల్‌ను సీపీయూ ముందు వైపు పెట్టకండి, కాలో చీపురో తగిలి విరుగుతుంది. పోగొడితే చాలా కంపెనీలు కొత్త లైసెన్స్ కొనమనే అంటాయి.

డీటీపీ సెంటర్ నడుపుతున్నాం. పాత ఫోటోషాప్ కొత్త సిస్టమ్‌లో యాక్టివేట్ కావట్లేదు.

సీడీ కొన్నారు, కీ ఉంది, అయినా కాదు. ఎందుకంటే కీని సరిచూసే సర్వర్ అవతలి వాళ్లది. అడోబీ సీఎస్2 యాక్టివేషన్ సర్వర్లను 2012 డిసెంబర్‌లోనే ఆపేసింది. డబ్బా కొనుక్కునే పద్ధతిలో వచ్చిన చివరి ఫోటోషాప్ సీఎస్6, అది 2012 నాటిది. 2013 నుంచి కొత్త వెర్షన్లన్నీ నెలసరి చందాకు మారిపోయాయి. జీవితకాల లైసెన్స్ అన్న మాటకు సర్వర్ జీవితకాలం అని అర్థం చెప్పుకోవాల్సి వచ్చింది.

పెళ్లి కార్డుల పాత మేటర్ అంతా పేజ్‌మేకర్‌లో (పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్), అను ఫాంట్లలో ఉన్న సెంటర్లకు మా సలహా: పాత సిస్టమ్‌ను నెట్ తీసేసి అలాగే ఉంచండి. పాత మేటర్‌కు అది, కొత్త పనికి కొత్తది. కొత్త పని యూనికోడ్‌లో (ఏ సిస్టమ్‌లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతిలో) మొదలుపెడితే ఫాంట్ లైసెన్స్ తలనొప్పి చాలా తగ్గుతుంది. మండలి, రామభద్ర, సూరన్న లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగానే ఉన్నాయి. ముహూర్తాల సీజన్‌లో మాత్రం ఈ ప్రయోగం చేయకండి.

ఎంఎస్ ఆఫీస్ సంగతేంటి?

ఆఫీస్ 2016, 2019 సపోర్ట్ కూడా విండోస్ 10తో పాటు అదే రోజున ముగిసింది. నడుస్తాయి, అప్‌డేట్‌లు రావు. సిస్టమ్‌తో పాటు వచ్చిన ఆఫీస్ మామూలుగా ఆ సిస్టమ్‌కే పరిమితం. హోమ్ అండ్ స్టూడెంట్ ఎడిషన్ వ్యాపారానికి ఇచ్చింది కాదు, ఇది బిల్లు కొట్టేటప్పుడు ఎవరూ చెప్పరు. లెక్కల షీట్లు, ఉత్తరాలు మాత్రమే ఉంటే లిబ్రేఆఫీస్ చాలు.

సపోర్ట్‌కు ఫోన్ చేస్తే "టికెట్ వేయండి" అంటారు, తర్వాత ఎవరూ పలకరు. ఎలా మాట్లాడాలి?

ఫోన్ ఎత్తే పిల్లల మీద అరిచి లాభం లేదు. వాళ్ల ముందు ఒక కాగితం ఉంటుంది: రీస్టార్ట్ చేయండి, యాంటీవైరస్ ఆపండి, తీసేసి మళ్లీ ఎక్కించండి. కీ ఇచ్చే అధికారం వాళ్లకు లేదు, లైసెన్స్ చూసే టీమ్ వేరే ఉంటుంది. కాబట్టి మొదటి మాటే "ఇది ఇన్‌స్టలేషన్ సమస్య కాదు, లైసెన్స్ మార్పు కావాలి, ఆ టీమ్‌కు పంపండి" అని చెప్పండి. తెలుగులో మాట్లాడేవాళ్లు కావాలని అడగడానికి మొహమాటపడకండి.

ఫోన్ చేసే ముందే ఒకసారి కంప్యూటర్ తేదీ, టైమ్ చూడండి. బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, అప్పుడు ఏ యాక్టివేషన్ సర్వరూ మాట్లాడదు. కొద్ది రూపాయల బ్యాటరీతో పోయే సమస్యకు వారాల తరబడి టికెట్ నడవడం చూశాం.

తర్వాత మెయిల్ రాయండి. సీరియల్ నంబర్, వెర్షన్, ఎర్రర్ స్క్రీన్‌షాట్, పాత సిస్టమ్ నడుస్తోందా లేదా, మీకు ఏం కావాలి అన్నది ఒకే మెయిల్‌లో ఉండాలి. జవాబు రాకపోతే అదే మెయిల్‌కు మళ్లీ రాయండి. కోపంలో కొత్త టికెట్ వేస్తే మళ్లీ వరుస చివర్లో నిలబడ్డట్టే. ఫోన్‌లో ఎవరు ఏం చెప్పినా "మీరు ఫలానా టైమ్‌కు ఇలా చెప్పారు" అని అదే మెయిల్‌లో ఒక లైన్ రాసి పడేయండి. తర్వాత మాట మార్చడం కష్టమవుతుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్లు విండోస్ తప్పంటారు, విండోస్ వేసినవాళ్లు సాఫ్ట్‌వేర్ తప్పంటారు, మధ్యలో ఇంటర్నెట్ వాళ్లను కూడా లాగుతారు. దీనికి మందు రెండో సిస్టమ్. అదే ఇన్‌స్టాలర్‌ను ఇంకో కంప్యూటర్‌లో, ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించండి. అక్కడా అదే ఎర్రర్ వస్తే బంతి సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గరే ఉందని రాసి పంపండి.

అన్నిటికంటే పనికొచ్చే మాట ఇంకోటుంది: "తాత్కాలిక కీ ఇవ్వండి." చాలా కంపెనీలు కొద్ది రోజులకు అలాంటి కీ ఇవ్వగలవు, తమంతట తాము మాత్రం చెప్పవు. ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్ డబ్బు) కడితేనే మాట్లాడతాం అంటే బిల్లు వెనక షరతులు చదవండి. కొత్త ఫీచర్లకు ఏఎంసీ అడగడం న్యాయమే, కొన్న లైసెన్స్‌ను ఇంకో సిస్టమ్‌కు మార్చడానికి కూడా అడిగితే, ఆ షరతు ఎక్కడ రాసి ఉందో చూపించమనండి. గడిచిన ఏళ్ల బాకీ మొత్తం కట్టమంటే బేరమాడండి. తగ్గిస్తారు.

సపోర్ట్ నంబర్ గూగుల్‌లో వెతికి ఫోన్ చేస్తే ఎనీడెస్క్ (దూరం నుంచి మన సిస్టమ్‌ను నడిపే యాప్) ఐడీ అడిగారు. ఇవ్వొచ్చా?

వెతికితే వచ్చిన నంబర్‌కు ఇవ్వకండి. నంబర్ బిల్లు మీద చూడండి, లేదా సాఫ్ట్‌వేర్ లోపలి హెల్ప్ పేజీలో. నిజమైన సపోర్ట్ వాళ్లు కూడా రిమోట్ తీసుకుంటారు, అప్పుడు బ్యాంకు పేజీలన్నీ మూసేసి, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పీకేసి, పక్కనే కూర్చోండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

పాత వెర్షన్ ఇన్‌స్టాలర్ ఎక్కడా దొరకట్లేదు.

కంపెనీ సైట్‌లో తాజాది ఒక్కటే ఉంచడం మామూలైపోయింది. సపోర్ట్‌ను లింక్ అడగండి, సీరియల్ నంబర్ ఇస్తే పంపే కంపెనీలున్నాయి. వేరే సైట్ల నుంచి దించుకుంటే లోపల ఇంకేం వస్తుందో చెప్పలేం. సక్రమంగా కొన్న ప్రోగ్రామ్‌కు బ్యాకప్ కాపీ పెట్టుకోవడాన్ని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. కాబట్టి ఇన్‌స్టాలర్ వచ్చిన రోజే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.

ఏ రోజుల్లో మార్చుకోవాలి?

నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, 3బీ గడువు 20. ఆ మధ్య రోజుల్లో అకౌంట్స్ సిస్టమ్ మీద చేయి వేయకండి. 21 తర్వాత వచ్చే సోమ, మంగళవారాలు మంచివి, ఏదైనా తేడా వస్తే సపోర్ట్ ఆఫీసులు తెరిచి ఉంటాయి. శనివారం సాయంత్రం మొదలుపెడితే ఆదివారమంతా ఎర్రర్ తెరను చూస్తూ కూర్చోవాలి. మార్చి నెలాఖరు వద్దు. పత్తికి అక్టోబర్ నుంచి, మిర్చికి ఫిబ్రవరి, మార్చిలలో మార్కెట్ యార్డ్ వైపు దుకాణాలకు వద్దు. బతుకమ్మ, దసరా రోజుల్లో, మేడారం జాతర వారంలో కుర్రాళ్లు దొరకరు, మేమూ దొరకం.

కంపెనీ అసలు స్పందించకపోతే కేసు వేయొచ్చా?

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, అక్కడ నమోదైతే కొన్ని కంపెనీలు వెంటనే కదులుతాయి. తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ బెంగళూరులో ఉన్నా ముంబైలో ఉన్నా. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, సమస్య మొదలైన రెండేళ్ల లోపు వేయాలి.

ఒక మెలిక ఉంది. వ్యాపార అవసరానికి కొన్నవాళ్లు ఈ చట్టం కింద వినియోగదారులు కారు. సొంతంగా పని చేసుకుని బతకడానికి కొన్నవాళ్లు మాత్రం వస్తారు. అంటే ఒక్కడే నడుపుకునే డీటీపీ సెంటర్‌కు దారి ఉంది, పెద్ద మిల్లుకు కష్టం. మిల్లు వాళ్లు వకీలు నోటీసుతో మొదలుపెట్టడమే మంచిది.

పాత సిస్టమ్ ఇప్పుడు అమ్మేయొచ్చా?

ఆగండి. కొత్తదాంట్లో ఒక నెల జీఎస్టీ రిటర్న్ పూర్తిగా వేశాక, ఆ నెల బిల్లులు, కాంటా చీటీలు, జీతాల షీట్ అన్నీ ప్రింట్ తీశాక అమ్మండి. ఈలోపు ఏదో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ బయటపడుతుంది, ఏడాదికోసారి టీడీఎస్‌కు తెరిచేదో, బార్‌కోడ్ ప్రింటర్‌దో. దాని లైసెన్స్ ఇంకా పాతదాంట్లోనే ఉంటుంది. అన్నీ సరెండర్ అయ్యాక, మైక్రోసాఫ్ట్ అకౌంట్, మెయిల్, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు తీసేయండి. కొనేవాడు హార్డ్ డిస్క్‌తో కలిపి ఇంకో వెయ్యి ఎక్కువిస్తానంటాడు. డిస్క్ తీసి మీ దగ్గరే పెట్టుకుని మిగతాది ఇచ్చేయండి.